నాయనమ్మ నుదుటి మీద జపాను అక్షరం

ఇది మహాకావ్యం. ముందే చెబుతున్నాను, సర్దుకుని కూర్చోండి. ఇందులో సముద్రాల అవతల ఒక దేశం ఉంది. ఒక గురువు, ఒక శిష్యుడు, వాళ్ళ మధ్య ఒక నిగూఢమైన అక్షరం ఉన్నాయి. ఎవ్వరి మాటా వినని ముసలి రాణి ఉంది. ఆమె కన్ను ప్రమాదంలో పడుతుంది. ఎర్రగా ధారలు కట్టి కారడం కూడా ఉంది.

ఇక నిజం. సముద్రాల అవతలి దేశం జపాను. అది ఈ కథలోకి అడుగు పెట్టదు, నేను దాంట్లో అడుగు పెట్టలేదు. గురువు గుంటూరులో మిక్సీలు బాగుచేసే కొట్టు పైన గది అద్దెకు తీసుకున్న పెద్దమనిషి. శిష్యుణ్ణి నేను. రాణి మా నాయనమ్మ. ధారలు కట్టింది అరుగులకు పూసే జాజు. కన్ను ఒక్కటే నిజం కన్ను.

మా నాన్నకు నన్ను డాక్టర్ని చెయ్యాలని ఉండేది. మా వైపు ఇది కోరిక కాదు, పంట. పత్తి వేసినవాడు, మిర్చి వేసినవాడు, చేతిలో ఒక పిల్లాడుంటే వాణ్ణి ఎంసెట్‌కి కూడా వేస్తాడు. పత్తికి పచ్చపురుగు పడుతుంది, మిర్చికి బొబ్బర తెగులు పడుతుంది, నాకు ఫిజిక్సు పడింది. మరుసటి ఏడు హాస్టలు మార్చి మళ్ళీ వేశారు. నేల మారిస్తే గింజ మారుతుందా? రెండో ఏడు మొదటి ఏటికంటే తక్కువ పండాను. చివరికి బియస్సీ అనే మెట్ట పంట తీసి ఇంటికొచ్చి కూర్చున్నాను.

అవి కంప్యూటరు సంస్థలు మూతపడి, వాటి బోర్డుల మీదే సున్నం కొట్టి మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అని రాస్తున్న రోజులు. అమెరికా డాక్టర్లు నోట్లో నోట్లో నసిగిన మాటలు విని టైపు చెయ్యడం నేర్పే గది ప్రతి సందులోనూ ఉండేది. అమెరికా డాక్టర్లందరినీ మిగతా సందులవాళ్ళు పంచేసుకున్నారు కాబట్టి, మా మిక్సీ కొట్టు పైవాళ్ళకు జపాను డాక్టర్లు మిగిలారు. పేపరులో పెట్టి పంచిన కరపత్రం ప్రకారం, జపాను ఆసుపత్రుల కాగితాలన్నీ చదవడానికి మనుషులు లేక గుట్టలు పడి ఉన్నాయి. ఆ గుట్టలు హైదరాబాదుకు వస్తాయి. వాటి ముందు మేము ఏసీలో కూర్చుంటాం.

నాన్న ఆ కరపత్రంలో ఒక్క మాట మీద వేలు పెట్టాడు.

"ఇందులో మెడికల్ ఉందిగా?"

"ఉంది నాన్నా. సబ్బులో గంధం ఉన్నట్టు ఉంది."

"ఉందా లేదా?"

"ఉంది."

"ఇంకేం కావాలి?"

మర్నాటి నుంచి మా నాన్న మిర్చి యార్డులోనూ, పురుగుమందుల కొట్లోనూ, బస్సు స్టేజీ దగ్గరా ఒకటే మాట. "మావాడు మెడికల్లో చేరాడండి. జపాన్ మెడికల్."

"అయితే జపాను వెళ్ళాడాండి?"

"ఆ, ఎంత, రోజూ వెళ్ళొస్తన్నాడు" అనేవాడు నాన్న, గుంటూరు బస్సు వైపు చూస్తూ.

మా గురువుగారు జపానులో ఏదో కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చారు. ఆసుపత్రితో ఆయనకున్న సంబంధం ఒకసారి వేలు నలిగి కట్టు కట్టించుకోవడం. తనను సెన్సేయ్ అని పిలవమన్నారు. జపానులో ఆ మాటకే గురువుగారు అని అర్థమట. మాకు ఏ పెద్దాయన్నయినా 'గారు' తగిలించకుండా పిలిస్తే నోరు తిమ్మిరెక్కుతుంది. అందుకని సెన్సేయ్ గారండీ అనేవాళ్ళం. ఒక మనిషికి మూడు గౌరవాలు. ఆయన తలుపు దగ్గర నడుం వంచి నమస్కారం పెట్టేవారు, మేమూ వంచేవాళ్ళం. ఒకసారి కింది కొట్టు ఆయన అద్దె అడగడానికొచ్చి, అందరం వంగి ఉండటం చూసి, "ఏదన్నా పడిపోయిందాండి?" అని తనూ వెతకడం మొదలెట్టాడు.

జపాను రాతలో ఒక బాపతు అక్షరాలుంటాయి. అవి మన అక్షరాల్లా గొంతులోంచి వచ్చే చప్పుడు కావు, ఒక్కోటీ ఒక సంగతి. వాటికి కంజీ అని పేరు. రోగాల అక్షరాల్లో చాలావాటికి ఒకటే కప్పు. పైన ఒక చుక్క, దాని కింద అడ్డగీత, ఆ గీత ఎడమ కొస నుంచి కిందికి జారే పొడుగు గీత, దానికి బయట రెండు చుక్కలు. "ఇది రోగం వసారా" అన్నారు సెన్సేయ్ గారు బోర్డు మీద గీసి. "ఇందులోకి ఎవడు దూరినా వాడు రోగిష్టే." ఆ వసారాలో ఒక మనిషిని కూర్చోబెట్టి, వాడి కింద ఏటవాలుగా మూడు గీతలు గీస్తే 疹 అవుతుంది. షిన్ అని పలకాలి. ఒంటి మీద లేచే పొక్కులకూ దద్దుర్లకూ అదే. తట్టు పేరులోనూ అదే, తామర పేరులోనూ అదే. మనిషి కింద ఆ మూడు గీతలూ చూస్తే గోక్కుంటున్నట్టే ఉంటుంది.

దీన్ని ఎలా గీశామన్నది కాదు, ఏది ముందు గీశామన్నది ముఖ్యమట. చుక్క ముందు, అడ్డగీత తర్వాత, జారేది ఆ తర్వాత. నేను జారేది ముందు గీసి, పూర్తయ్యాక అక్షరం ఒకటేగా అన్నాను.

"మీ ఇంట్లో అన్నం ముందు పెట్టి ఆకు తర్వాత వేస్తారా?" అన్నారు సెన్సేయ్ గారు.

చేరినప్పుడు గది నిండా ఉన్నాం. రోగం వసారా దగ్గరికి వచ్చేసరికి ఒక బెంచీకి సరిపోయాం. మిగతావాళ్ళు అమెరికా నసుగుడులోకి మారిపోయారు. నేను మాత్రం మారలేదు. మారితే నాన్న జపానును ఊరందరి ముందూ వెనక్కి తీసుకోవాలి.

సాధన ఇంట్లో, అరుగు మీద. మిర్చి బస్తాల మీద పేర్లు రాసే బ్రష్షు తీసుకుని, పాత పేపర్ల మీద వసారాలు గీసేవాణ్ణి. పేపర్లో పెళ్ళిళ్ళ ఫోటోల మీదా, నాయకుల మొహాల మీదా పొక్కు, పొక్కు, పొక్కు. కొందరికి నప్పింది.

అప్పుడు కల్లంలో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. రంగు పోయి తెల్లబడిన కాయని తాలుకాయ అంటాం. వాటిని ఏరి పక్కన పెట్టకపోతే మిగతా సరుక్కీ ధర పడిపోతుంది. ఆ ఏరే ఆడవాళ్ళకు మా నాయనమ్మ సేనాధిపతి. ఆమెకు ఆ వయసులో మోకాళ్ళు లేవు, పళ్ళు లేవు, ఓర్పు మొదటినుంచీ లేదు. ఉన్నవి కళ్ళు. కూర్చున్న చోటి నుంచి కదలకుండా, "అదిగో అక్కడ, ఆ ఎర్ర చీర కాలి పక్కన, తీయ్" అనేది. మనుషుల్లో తాలుకాయల్ని కూడా అంతే వేగంగా ఏరేది. నన్ను ఇంటర్లోనే ఏరేసింది.

ఒక సాయంత్రం ఆమె కల్లం నుంచి కుడి వైపు నుదురు పట్టుకుని వచ్చింది. మండిపోతోందంది. మా ఇళ్ళలో ఏది మండినా ఒకటే కారణం: కారం చెయ్యి తగిలి ఉంటుంది. అమ్మ నెయ్యి రాసింది. మర్నాటికి కనుబొమ మీది నుంచి జుట్టు దాకా పొక్కులు లేచాయి, కుడివైపు మాత్రమే, ఎవరో మధ్యలో తాడు పట్టి కొలిచినట్టు. ముక్కు పక్కన కూడా ఒకటి.

నాయనమ్మ అద్దంలో చూసుకుని తన రోగం తనే తేల్చేసింది. "అక్కి."

మా వైపు అక్కికి మందు వాడరు, రాయిస్తారు. జాజు నీళ్ళలో కలిపి అక్కి లేచినచోట సింహం బొమ్మ గీస్తారు. అక్కిని సింహం తినేస్తుందని లెక్క. ఆ చెయ్యి అందరికీ ఉండదు, ఏ నాలుగూళ్ళకో ఒకాయనకి ఉంటుంది. దీనికి పథ్యం గట్టిది. తానం చెయ్యకూడదు, సూది వేయించకూడదు, వేయిస్తే అక్కి లోపలికి పోతుంది. ఊరి పొలిమేర దాటకూడదు. అంటే డాక్టరు దగ్గరికి వెళ్ళడానికున్న దారులన్నీ ఎవరో పెద్దలు ఓపిగ్గా కూర్చుని మూసేశారు.

నాన్న బండేసుకుని పక్కూరి అక్కి తాత కోసం వెళ్ళి, ఒక్కడే తిరిగొచ్చాడు.

"ఏడిరా ఆయన?" అంది నాయనమ్మ.

"రాలేడమ్మా. ఆయనకి కళ్ళ ఆపరేషనయింది. పచ్చ గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. తల వంచితే డాక్టరు ఊరుకోడంట."

నాకు ఇంతకంటే మంచి సందు దొరకదు. "చూశావా నాయనమ్మా. సింహాలు గీసే ఆయనే డాక్టరు దగ్గరికెళ్ళాడు."

"ఆయనకొచ్చింది పొరరా సన్నాసీ. నాకొచ్చింది అక్కి. పొరని సింహమెట్లా తింటది?"



ఇంతవరకూ నాకు కంగారు లేదు. కంగారు తెచ్చింది జపాను. సెన్సేయ్ గారు ఏదో ఆరోగ్య పుస్తకంలోంచి జిరాక్సు తీసి పొక్కు అక్షరం ఉన్న పేజీలు మాకు ఇచ్చారు. ఆ సాయంత్రం వాటిని తిరగేస్తుంటే ఒక బొమ్మ కనిపించింది. జపాను ముసలాయన. నుదురు సగం మాత్రం చుక్కలు చుక్కలు. ముక్కు పక్కన ఒక చుక్క. అక్కణ్ణుంచి కంటి వైపుకు బాణం గుర్తు. కింద ఒక వాక్యం. అందులో నాకు తెలిసినవి రెండే అక్షరాలు: మొదట్లో పొక్కు, నడుమ కన్ను. మిగతాదంతా వడగళ్ళ వాన. పొక్కు వల్ల కన్ను పోతుందని ఉందో, కంటికేమీ భయం లేదని ఉందో తెలియదు. అయితే ఏమీ భయం లేనిచోట ఎవరూ బాణం గుర్తు వెయ్యరు.

సెన్సేయ్ గారికి ఫోన్ చేశాను.

"సెన్సేయ్ గారండీ, ముసలాయన బొమ్మ ఉన్న పేజీలో కింద ఏం రాసుందండీ?"

"ఏ ముసలాయన?"

"నుదుటి మీద పొక్కులండీ. కంటికి బాణం."

"అది మన సిలబస్‌లో లేదు."

"సిలబస్‌లో లేదు గానీ మా ఇంట్లో ఉందండీ."

కాగితాలు తిప్పిన చప్పుడు. "పొక్కు... కన్ను... చూపు... త్వరగా..."

"త్వరగా ఏంటండీ?"

"త్వరగా అని ఉంది. మన తెలుగులాగే వీళ్ళకీ అసలు సంగతి వాక్యం చివర్లో వస్తుంది. చివర జిరాక్సులో తెగిపోయింది."

తెగిపోయిన ఆ ముక్క ఏమిటో ఊహించడానికి ఎంసెట్ ర్యాంకు అక్కర్లేదు. త్వరగా పోతుంది అన్నా, త్వరగా చూపించండి అన్నా ఎక్కాల్సిన బస్సు ఒకటే. నాయనమ్మ కుడి రెప్ప అప్పటికే ఉబ్బి సగం మూసుకుంది.

మా నాన్న ఊళ్ళో ఎవరికైనా సలహా ఇస్తాడు, వాళ్ళమ్మకు మాత్రం మంచినీళ్ళే ఇస్తాడు. అందుకని అమ్మ నోరు విప్పింది.

"అత్తయ్యా, పొద్దున్నే గుంటూరెళ్ళి డాక్టరుకి చూపిద్దాం."

"నువ్వు పురుడుకి పోయావుగా గుంటూరు డాక్టరు దగ్గిరికి. ఏం పుట్టాడో చూడు" అంది నాయనమ్మ, ఉన్న ఒక్క కన్నుతో నన్ను చూపించి.

మర్నాడు పొద్దున్నే పలకరించడానికొచ్చిన పక్కింటి అత్త దీన్నంతా విని, అరుగు మీది పేపర్ల గుట్ట చూసింది. "మీవాడు మెడికలేగా పిన్నీ. రోజూ బ్రష్షుతో ఏందో రాస్తానే ఉంటాడు."

"ఏం రాస్తావురా?" అంది నాయనమ్మ.

"రోగాలు."

"ఏం రోగం?"

"ఇప్పుడు... పొక్కులు."

నాయనమ్మ చాప లాక్కుని వెలుతురులో వేసుకుని కూర్చుంది. "అయితే రాయి."

"నాయనమ్మా, అది మందు కాదు. రోగం పేరు. దొంగ తలుపు మీద దొంగ అని రాస్తే పోతాడా?"

"పోకపోయినా సిగ్గుపడతాడు. రాయి."

"రాయరా" అన్నాడు నాన్న. ఆయన మొహం వెలిగిపోతోంది. నా చదువు చరిత్రలో మొదటి పేషెంటు. "చదివింది దాచుకోవడానికా?"

నేను పేపర్ల గుట్ట చూశాను. నాయనమ్మ రెప్ప చూశాను. అప్పుడు తట్టింది.

"రాస్తాను. కాకపోతే జపాను రాతకి పథ్యం వేరే."

"ఏంటది?"

"పొలిమేర దాటాలి. ఇది పొలిమేర అవతలి అక్షరం, ఊళ్ళో కూర్చుంటే ఎక్కదు. రాసిన పూటే కొత్తపేటలో కంటి డాక్టరమ్మకి చూపించాలి. ఆయమ్మ ఇచ్చిన బిళ్ళలు మింగాలి. లేకపోతే తిరగబెడుతుంది."

"ఎవరు పెట్టారీ పథ్యం?"

"సెన్సేయ్ గారు."

ఆయన పేరు నాకు అక్కరకొచ్చింది ఆ ఒక్కసారే. మోసం కాదా అంటారేమో. మా సంస్థ ఏడాది పొడుగునా చేసిందీ ఇదే: ఒక అక్షరం చూపించి మనిషిని గుంటూరు బస్సెక్కించడం. నేను టికెట్టు వృథా పోకుండా చూశానంతే.

అమ్మ కొబ్బరి చిప్పలో జాజు కలిపింది. బస్తాల బ్రష్షు అత్తయ్య మొహానికి తగలనివ్వనంది కాబట్టి చీపురుపుల్లకి పత్తి చుట్టి ఇచ్చింది. పొక్కుల మీద చెయ్యి పెట్టే ధైర్యం నాకు లేదు, ఎడమ వైపు శుభ్రంగా ఉన్న నుదుటి మీద మొదలుపెట్టాను.

"అక్కి ఇటుంటే అటు రాస్తావేంట్రా?"

"జపాను వాళ్ళు ఎడం నుంచే మొదలెడతారు."

పేపరుకు ముడతలు ఉండవు. నాయకుల మొహాలు కదలవు. ఇక్కడ చుక్క పెట్టగానే నాయనమ్మ కనుబొమ ఎగరేసింది, అడ్డగీత అలలా వచ్చింది. జారే గీత నిజంగానే ఒక ముడతలోకి జారి చెంప దాకా పోయింది. రెండు చుక్కలూ కలిసి ఒకటయ్యాయి. వసారాలో మనిషి ఒరిగిపోయి కూర్చున్నాడు. కింది మూడు గీతలూ ధారలు కట్టి కనుబొమలోకి కారాయి. సెన్సేయ్ గారు చూసుంటే నా సర్టిఫికెట్టు లాక్కునేవారు, ఇంకా ఇవ్వలేదు గనక బతికిపోయాను.

పక్కింటి అత్త తల పక్కకి వంచి చూసింది. "సింహమంత లేదే?"

"జపాను సరుకంతా చిన్నదేనమ్మా" అన్నాడు నాన్న. "రేడియోలు చూళ్ళా?"

బస్సులో ఆడవాళ్ళ సీట్లో నాయనమ్మని కూర్చోబెట్టి పక్కన నిలబడ్డాను. హైవే వెడల్పు చేస్తున్న రోజులు. పత్తి లోడు లారీల వెనకాల, మట్టిలో, ఒక్కో గుంతా దిగుతూ ఎక్కుతూ పోతోంది. బస్సంతా ఆమె నుదురే చూస్తోంది.

"ఏం మామ్మా, ఏ గుడికెళ్ళొస్తన్నారు?" అన్నాడు కండక్టరు.

"జపాను" అంది నాయనమ్మ. అతను రెండు టికెట్లు చించి ఇచ్చాడు.

చాలాసేపటికి ఆమె నా వైపు తిరక్కుండానే అంది. "ఒరేయ్. కంటి డాక్టరు కొత్తపేటలో ఉంటదని కూడా తెలుసా ఆ జపానోళ్ళకి?"

నేను కిటికీలోంచి జిన్నింగు మిల్లు చూశాను. చాలా శ్రద్ధగా చూశాను.

"మండతందా?" అన్నాను.

"కన్ను సంగతి అడక్కు. పథ్యం చెప్పావు, పాటిస్తన్నా."

ఇంకాసేపటికి నా మణికట్టు పట్టుకుంది. ఆప్యాయత అని రాయడానికి కలం ఊరుతోంది గానీ, సరిగ్గా అప్పుడే బస్సు పెద్ద గుంతలో పడింది.

కంటి డాక్టరుగారు నాయనమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం పట్టి మొహం ఎత్తి, ముందు కుడి వైపు చూశారు. తర్వాత ఎడమ వైపు చూసి ఆగిపోయారు.

"ఇదేంటి?"

"రాతండి" అంది నాయనమ్మ.

"ఎవరు రాశారు?"

"మా మనవడండి. మెడికలండి."

డాక్టరుగారు నా వైపు తోటి వైద్యుడి మర్యాదతో తిరిగారు. "ఏ కాలేజీ?"

"మిక్సీల కొట్టు పైనండి."

"ఏం రాశావు?"

"పొక్కు అనండి. జపనీసులో."

"రోగం ఏంటో మొహం మీదే రాసి పంపించావన్నమాట. మంచిది. మా వాళ్ళు చీటీ మీద కూడా ఇంత తెలిసేలా రాయరు."

తర్వాత డాక్టరుగారు నవ్వడం ఆపి, దీపం పెట్టి కంట్లోకి చూశారు. రంగు చుక్క వేసి మళ్ళీ చూశారు. ముక్కు పక్క పొక్కు దగ్గర వేలు ఆపి మళ్ళీ కంట్లోకి చూశారు. నాయనమ్మ రెండు చేతులూ కుర్చీ కోళ్ళను పట్టుకుని ఉన్నాయి. ఆ గదిలో నాకు ఒక్క జోకూ రాలేదు. అలవాటు లేని పరిస్థితి, ఏం చెయ్యాలో తోచక ఫ్యాను చూస్తూ నిలబడ్డాను.

"నల్లగుడ్డు అంచు దాకా వచ్చింది, లోపలికి దిగలేదు" అన్నారు చివరికి. "ఇవాళ తెచ్చారు కాబట్టి సరిపోయింది. సింహాలు గీసేవాళ్ళ కోసం ఎదురుచూస్తూ కూర్చునుంటే, చూపు సంగతి నేను చెప్పలేకపోయేదాన్ని."

"ఇప్పుడు చెప్తారా?" అంది నాయనమ్మ.

"బిళ్ళలు మానకుండా మింగితే చెప్తాను."

"సూది?"

"అక్కర్లేదు."

నాయనమ్మ నా వైపు చూసింది. బిళ్ళలే అన్న జపాను మాట నిలబడింది.

బిళ్ళలు రోజుకి ఐదు పూటలు. మా ఇంట్లో అన్నమే మూడు పూటలు కాబట్టి, మిగతా రెంటికీ అమ్మ గడియారంలో అలారం పెట్టింది. కంట్లో మందు నాన్న వేశాడు. వాళ్ళమ్మకు మంచినీళ్ళు కాకుండా ఇంకేదో ఒకటి ఇవ్వగలిగినందుకు సంతోషంగా వేశాడు. చూపు నిలిచింది. నుదుటి మీద మంట మాత్రం వేసవంతా ఉంది. ఆమె కల్లంలో గుడ్డ తడిపి నుదుటికి కట్టుకుని, ఎవర్నీ వదలకుండా తిడుతూ తాలుకాయలు ఏరించింది.

ఊళ్ళో అడిగినవాళ్ళకల్లా, "జపాను రాతే తీసింది" అని చెప్పింది. ఒకరోజు ఎవరూ లేనప్పుడు అడిగాను.

"నిజంగా నమ్మావా నాయనమ్మా?"

"నీ అక్షరమా? కోడి గీకినట్టుంది."

"మరి అందరికీ అట్లా చెప్తన్నావే?"

"డాక్టరు తగ్గించిందంటే మీ అమ్మ గెలిచినట్టు. నువ్వు తగ్గించావంటే ఎవరూ నమ్మరు. నాకేం నష్టం?"

సెన్సేయ్ గారికి కూడా చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని, గొప్ప వైద్య సంఘటన విన్నట్టు మొత్తం విన్నారు.

"వసారా ముందు గీశావా? మనిషిని ముందు పెట్టావా?"

"వసారానేనండీ."

"బయట రెండు చుక్కలు?"

"కలిసిపోయాయండీ."

"అదీ. అందుకే మంట పూర్తిగా తగ్గలేదు."

ఇక జనం రావడం మొదలెట్టారు. చెమటకాయలు, తేలు కుట్టిన వాపు, చంకలో గడ్డ. ఒకాయన గేదెను తోలుకొచ్చి చెవి దగ్గర పుండు చూపించాడు. గేదెకి జపాను రాదు అంటే, "మనకి మాత్రం వచ్చా?" అన్నాడు. నాన్న అరుగు మీద బల్ల వేయించాడు. పేషెంట్లకట. నేను ఎవరికీ కాదనలేదు. పుండు లేనిచోట ఒక వసారా గీసి, పథ్యం చెప్పి, ఎక్కడికి పంపాలో అక్కడికి పంపాను. ఉత్త మాటగా 'డాక్టరుకి చూపించు' అంటే కదలనివాడు, నుదుటి మీద గీత పడగానే చెప్పులు వేసుకునేవాడు. గేదె కూడా పశువుల ఆసుపత్రికి వెళ్ళింది. మా నాన్న డాక్టరు కోరిక ఇంతకంటే చవగ్గా ఎవరికీ తీరి ఉండదు.

జపాను కాగితాల గుట్టలు హైదరాబాదుకు రాలేదు. ఒక సోమవారం వెళితే మెట్ల దగ్గర మా బోర్డు లేదు. సెన్సేయ్ గారు ఖాళీ చేశారని కింది కొట్టు ఆయన చెప్పాడు, చేతిలో మిక్సీ జారు పట్టుకుని. జపాను ఆసుపత్రులవాళ్ళు తమ కాగితాలు తామే చదువుకుందామని తీర్మానించుకున్నట్టున్నారు. నేను చిలకలూరిపేటలో స్పిన్నింగు మిల్లు ఆఫీసులో చేరాను. అక్కడ రోగాలకి ఒకటే కారణం, దూది దుమ్ము. దానికి అక్షరం ఎవరూ అడగలేదు.

నాన్న మాత్రం మెడికల్‌ని వెనక్కి తీసుకోలేదు. దాంతో ఇప్పటికీ ఎవరో ఒకరు కంటి పక్కన చెయ్యి అడ్డం పెట్టుకుని మా గుమ్మం దగ్గర నిలబడతారు. గీతలూ లేవు, పథ్యమూ లేదు, ఉన్న సంగతి చెబితే చాలు, ఇప్పుడు బయల్దేరుతున్నారు. గుంటూరు బస్సు మా స్టేజీలో ఏడుంపావుకి ఆగుతుంది. కంటి డాక్టరుగారు ఆదివారాలు ఉండరు.